లాకెట్‌లో పెంకు పురుగు: కొత్త జాతేనా, అమ్మమ్మ పేరు పెట్టొచ్చా?

విజయవాడలో ఎం.ఎస్సీ. జువాలజీ చదువుతున్న అమ్మాయి అడిగింది క్లుప్తంగా ఇదీ: వాళ్ల పిన్ని పోలండ్‌లోని గ్దాన్‌స్క్‌లో కొన్న అంబర్ లాకెట్‌లో రెండు మిల్లీమీటర్ల పెంకు పురుగు ఉంది. ముదురు గోధుమ రంగు, వీపు గూనిగా ఉంది, పైనుంచి చూస్తే తల కనబడదు. నెట్‌లో ఎంత వెతికినా అలాంటిది దొరకలేదు. ఇది కొత్త జాతి అయితే దానికి తన అమ్మమ్మ నాగరత్నం గారి పేరు పెట్టొచ్చా? పెట్టాలంటే ఏం చేయాలి?

అమ్మా, నీది మా పెద్ద మనవరాలి వయసు, అందుకే నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. ఉద్యోగమంతా పంట పురుగులతో గడిచింది, అందులోనూ ఎక్కువగా పెంకు పురుగులతో. రిటైరయ్యాక అంబర్ పిచ్చి పట్టుకుంది.

పేరు పెట్టొచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, డాక్టరేటూ అక్కర్లేదు. కానీ "నెట్‌లో దొరకలేదు" అన్నావు చూడు, అక్కడే నిన్ను ఆపాలి. ఇప్పటిదాకా పేరు పెట్టిన పెంకు పురుగుల జాతులే సుమారు 4 లక్షలు. వాటిలో నెట్‌లో ఫొటో ఉన్నవి కొన్నే. మిగతా చాలావాటికి ఉన్నదల్లా ఎప్పుడో లాటిన్‌లోనో జర్మన్‌లోనో రాసిన నాలుగు లైన్లు, ఏదో మ్యూజియం సొరుగులో సూదికి గుచ్చిన ఒక పురుగు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒకదాన్ని కొత్తదనుకుని, రాత్రులు కూర్చుని బొమ్మలు గీసి, వ్యాసం రాసి పంపాను. అది చూసిన పెద్దాయన ఒక్క ముక్క రాశాడు: దీనికి ఫ్రెంచివాళ్లు ఏనాడో పేరు పెట్టారు, పాత సంపుటాలు తిరగెయ్యి అని. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

సరే, ముందు అది నిజంగా అంబరేనా అన్నది తేల్చుకోవాలి. మన పత్రికలు అంబర్‌ను "చెట్టు బంక" అని రాసేస్తుంటాయి. తుమ్మ బంక నీళ్లలో కరుగుతుంది. అంబర్ అలాంటిది కాదు, అది రెసిన్, అంటే మన ఇళ్లలో నిప్పుల మీద వేసే గుగ్గిలం లాంటిది. గుగ్గిలాన్ని ఎన్ని రోజులు నీళ్లలో ఉంచినా కరగదు. అలాంటి రెసిన్ మట్టి కింద పడి, కోట్ల ఏళ్లలో అణువులు ఒకదానికొకటి అల్లుకుని గట్టిపడితే అంబర్. అంతగా గట్టిపడకముందే, వందల ఏళ్ల నుంచి వేల ఏళ్ల వయసులోనే తవ్వి తీసినదాన్ని కోపల్ అంటారు. మడగాస్కర్, కొలంబియా కోపల్‌ను అంబర్ పేరుతో అమ్మడం మామూలే. ఇక ప్లాస్టిక్‌లో నిన్నగాక మొన్న చచ్చిన పురుగును పెట్టి అమ్మేవాళ్లకూ కొదవలేదు.

ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఉప్పు నీళ్లది. గ్లాసుడు నీళ్లలో ఏడెనిమిది చెంచాల ఉప్పు కరిగించి, లోహపు కొక్కెం తీసేసిన రాయిని అందులో వెయ్యి. అంబర్ మామూలు నీళ్లకంటే కాస్త బరువు, ఉప్పు నీళ్లకంటే తేలిక, కాబట్టి తేలుతుంది. బేకలైట్, గాజు మునిగిపోతాయి. కొన్ని ప్లాస్టిక్‌లూ, కోపలూ తేలతాయి కాబట్టి తేలగానే పండగ చేసుకోవద్దు. తీశాక మంచినీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో తుడువు. స్పిరిట్, సెంటు, నెయిల్ పాలిష్ తుడిచే ద్రావకం మాత్రం దగ్గరికి రానివ్వకు. కాల్చిన సూది గుచ్చి వాసన చూడమని యూట్యూబ్‌లో చెప్తారు. గుచ్చితే వాసన తెలుస్తుంది, రాయి పాడవుతుంది.

అసలైన పరీక్ష ఎఫ్‌టీఐఆర్, అంటే పరారుణ కాంతిని పంపి పదార్థాన్ని గుర్తుపట్టేది. ఫార్మసీ కాలేజీల్లో చాలాచోట్ల ఆ మిషన్ ఉంటుంది, తెలిసినవాళ్లను పట్టుకో. రాయి అంచు నుంచి చిటికెడు పొడి గీకినా చాలు. గ్దాన్‌స్క్ ఉన్న బాల్టిక్ సముద్ర తీరపు అంబర్, అంటే బాల్టిక్ అంబర్ అయితే గ్రాఫ్‌లో తరంగ సంఖ్య 1250 నుంచి 1180 దాకా గీత భుజంలా బల్లపరుపుగా సాగి, ఆ తర్వాత ఒక్కసారిగా శిఖరం లేస్తుంది. దానికి "బాల్టిక్ షోల్డర్" అనే పేరు. ఇది కనబడితే సగం టెన్షన్ తీరినట్టే.

సగమే అని ఎందుకన్నానంటే, అంబర్ అసలైనదై ఉండి పురుగు దొంగదై ఉండొచ్చు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో బాల్టిక్ అంబర్‌లో ఒక ఈగ ఉండేది. అచ్చం ఈనాటి మరుగుదొడ్ల ఈగ. వర్గీకరణ శాస్త్రాన్నే మలుపు తిప్పిన విల్లీ హెన్నిగ్ అంతటివాడు 1966లో దాన్ని నిజమైన శిలాజంగానే లెక్కలోకి తీసుకున్నాడు. కోట్ల ఏళ్లుగా మారని ఈగ అని అందరూ ఆశ్చర్యపోయారు. 1993లో ఆండ్రూ రాస్ అనే కుర్ర పరిశోధకుడు మైక్రోస్కోప్ కింద చూస్తుంటే దీపం వేడికి ఈగ చుట్టూ చిన్న పగులు కనబడింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఎవరో అసలైన అంబర్‌ను రెండు చెక్కలుగా కోసి, ఒకదాన్ని తొలిచి, ఈగను కూర్చోబెట్టి, మళ్లీ అతికించారు. కాబట్టి నీ రాయిని పక్కనుంచి, వెలుతురు వాలుగా పడేట్టు పెట్టి, చుట్టూ అతుకు గీత ఏదైనా ఉందేమో చూడు. పురుగు చుట్టూ రెసిన్ పొరలు పారిన గుర్తులుండాలి. బాల్టిక్ అంబర్‌లో ఓక్ చెట్ల నూగు కూడా ఉంటుంది, భూతద్దంలో చిన్న చిన్న నక్షత్రాల్లా. పురుగు పక్కన అవి రెండు కనబడినా నాకు ధైర్యం వస్తుంది. మసకగా ఉన్న రాళ్లను నిగనిగలాడించడానికి నగల వ్యాపారులు ఒత్తిడిలో వేడిచేస్తారు. అప్పుడు లోపల గుండ్రటి బిళ్లల్లాంటి మెరుపు పగుళ్లు వస్తాయి, పురుగు మాడిపోతుంది. నీ లాకెట్‌లో అలాంటి మెరుపులుంటే ఆ పురుగు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు.

ఇంకో సంగతి. గ్దాన్‌స్క్ అన్నావు కాబట్టి సరిపోయింది. అదే బ్యాంకాక్‌లో కొన్న బర్మా అంబర్ అయితే నా జవాబు వేరుగా ఉండేది. కాచిన్ రాష్ట్రం హుకాంగ్ లోయలో దొరికే ఆ అంబర్ వయసు 9.9 కోట్ల సంవత్సరాలు, పురుగుల వైవిధ్యంలో దానికి సాటి లేదు. ఈనాటి మిణుగురులకు దగ్గరి చుట్టమైన క్రెటోఫెంగోడెస్ అనే పెంకు పురుగు, పొట్ట చివర వెలుగు అవయవంతో సహా అందులోనే దొరికి 2021లో వెలుగు చూసింది. కానీ 2017లో ఆ గనులు సైన్యం చేతికి వెళ్లాక, అక్కడి అమ్మకాల డబ్బు యుద్ధానికి పోతోందని 2020లో వెన్నెముక జీవుల శిలాజ శాస్త్రవేత్తల సంఘం ఆ సరుకు మీద వ్యాసాలు వేయొద్దని పత్రికలను కోరింది. నేను వాటి జోలికి పోవడం మానేశాను. పిన్ని దగ్గర బిల్లు ఉంటే మాత్రం భద్రంగా దాచు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర కొన్నారన్నది నీ వ్యాసంలో రాయాల్సిందే. ఊరూ పేరూ లేని రాయికి శాస్త్రంలో విలువ సగం పోతుంది.

ఇక పురుగు. లాకెట్ రాళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి, ఆ ఉబ్బు భూతద్దంలా పనిచేసి లోపలి పురుగును సాగదీసి చూపిస్తుంది. అలా తీసిన ఫొటోల్లో కొలతలన్నీ తప్పే. కోసే ముందు ఒక చిట్కా చెప్తాను. మందుల షాపులో గ్లిజరిన్ తెచ్చి ఒక చుక్క రాయి మీద వేసి, దాని మీద మైక్రోస్కోప్ కవర్ గ్లాసు పెట్టు. ఉబ్బు పోయి కిటికీ తెరిచినట్టు అవుతుంది. పైనుంచీ కిందనుంచీ రెండు వైపులా అలా చూడగలిగితే రాయిని అరగదీసే పని లేకుండానే సగం చూసెయ్యొచ్చు.

అరగదీయక తప్పదనుకుంటే, విజయవాడలో ఉన్నావు కాబట్టి ఆటోనగర్ వెళ్లు. కార్లకు రంగులేసేవాళ్లకు సామాను అమ్మే షాపుల్లో 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్ దొరుకుతుంది. గాజు పలక మీద కాగితం పరిచి, నీళ్లు చల్లి, రాయిని వేలితో పట్టుకుని ఎనిమిది అంకె వేసినట్టు మెల్లగా తిప్పాలి. పది చుట్లకొకసారి తుడిచి మైక్రోస్కోప్ కింద పెట్టి చూడాలి. ఈ చివరి మాట పాటించక నేను నష్టపోయాను. మే నెలలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతోంది గానీ మైక్రోస్కోప్ దీపానికి ఆ లైను లేదు. ఇంకో ఇరవై చుట్లేగా అనుకుని చేతి వాటంగా తిప్పాను. కరెంటొచ్చాక చూస్తే మీసం కొసన మూడు కణుపులు కాగితం మీద గోధుమరంగు గీత అయిపోయి ఉన్నాయి. పెంకు పురుగుల్లో కుటుంబాన్ని చెప్పేవి చాలాసార్లు ఆ కొస కణుపులే. అదృష్టం, రెండో మీసం మిగిలింది.

ఎండ సంగతి కూడా చూసుకో. అంబర్‌కు వెలుతురు, వేడి, గాలి మూడూ పడవు. పైపొర ఎర్రబడి, జుట్టంత సన్నని పగుళ్లు వస్తాయి. మన బ్లేజ్‌వాడ ఎండకు పడమటి గోడకు ఆనుకున్న బీరువాలో ఏళ్లతరబడి పెట్టావంటే లోపలి పురుగు కనబడకుండా పోతుంది. గాలి చొరని డబ్బాలో పెట్టి ఇంట్లో అన్నింటికంటే చల్లటి, చీకటి గదిలో ఉంచు.

నువ్వు చెప్పిన గుర్తులు చదవగానే నా బుర్రలో మెదిలిన కుటుంబం టినిడే. స్పెల్లింగ్‌లో ముందు పి ఉంటుంది, పలకరు. పాత పుస్తకాల్లో అనోబిడే అని కూడా చూస్తావు. చెక్కను, ఎండిన సరుకును తొలిచే పురుగుల కుటుంబం ఇది. చచ్చిన మానుల్లో, బెరడు కింద బతికేవి కాబట్టి పారే రెసిన్‌లో చిక్కుకోవడం వీటికి సులువు. బాల్టిక్ అంబర్‌లో వీటిని ఇప్పటికే చాలామంది వర్ణించారు. తల వంచుకుని వక్షపు పలక కింద దాచుకోవడం ఈ పురుగుల అలవాటే. అలాగని తల దాచుకున్న గూని పురుగులన్నీ ఇవే అని కాదు. వడ్లను తొలిచే రైజోపెర్తా పురుగు తలా పైనుంచి కనబడదు, అది వేరే కుటుంబం. దాని వక్షపు పలక ముందు భాగం ఆకురాయిలా గరుకుగా ఉంటుంది, మీసం కొసన మూడు కణుపులు వెడల్పై వదులుగా ఉంటాయి. బెరడు పురుగులూ ఉన్నాయి. కాబట్టి నువ్వు చూడాల్సింది వీపును కాదు, మీసాన్ని, కాళ్లను, పొట్ట కింది పలకలను.

మీసం కణుపులు లెక్కపెట్టు. సాధారణంగా పదకొండు. ఒకసారి లెక్కపెట్టి రాసుకో, మర్నాడు పొద్దున్నే లేచి ఆ కాగితం చూడకుండా మళ్లీ లెక్కపెట్టు, రాయి తిప్పి రెండో వైపు నుంచి మూడోసారి. మూడూ ఒకటే వస్తే అప్పుడు వ్యాసంలో రాయొచ్చు. ముందు, నడిమి, వెనక కాళ్ల పాదాలకు ఎన్నేసి కణుపులున్నాయో కూడా అలాగే. 5-5-5 ఒక దారి, 5-5-4 ఇంకో దారి. ఈ ఒక్క అంకె తప్పితే కుటుంబమే మారిపోతుంది. బొద్దింకకూ పెంకు పురుగుకూ తేడా తెలియనివాళ్లు రంగు చూస్తారు. శిలాజంలో రంగును అసలు నమ్మకు.

ఇక్కడ నీకు హోమ్‌వర్క్ ఇస్తాను. నువ్వు అడిగినదానికి అసలు జవాబు ఇందులోనే ఉంది.

గుంటూరు మిర్చి యార్డుకు ఎప్పుడైనా వెళ్లావా? సీజన్లో దారి పొడవునా టిక్కీలు పేర్చి ఉంటాయి, తుమ్ముతూనే నడవాలి. వ్యాపారి టిక్కీలోకి చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయలు తీసి, అరచేతిలో పరిచి, తేజ అనో 334 అనో బాడిగ అనో చెప్పేస్తాడు. అదే ఒక్క కాయ చేతిలో పెట్టి రకం చెప్పమను, సమాధానం రాకపోవచ్చు. ఒక్క కాయ పొట్టిగా ఉంటే అది రకం గుణమా, నీళ్లు చాలక గిడసబారిందా, చెట్టు చివరి కోతలోదా? గుప్పెడు చూస్తేనే తెలుస్తుంది. అంబర్‌లో నీ చేతికొచ్చింది ఒక్క కాయ.

అందుకని లాకెట్‌ను పక్కన పెట్టి నిల్వ మిరపకాయల్లోనో, దుగ్గిరాల నుంచి తెచ్చిన పసుపు కొమ్ముల్లోనో పట్టే సిగరెట్ పురుగులు యాభై పోగుచెయ్యి. పొగాకులో మొదట పేరు మోసింది కాబట్టి ఆ పేరు. శాస్త్రనామం లేసియోడెర్మా సెర్రికోర్నే. ఇదీ టినిడే కుటుంబమే, ఇదీ రెండు మూడు మిల్లీమీటర్లే, గూనిదే, తల దాచుకునేదే. అంటే నీ లాకెట్ పురుగుకు బంధువు కావొచ్చిన పురుగు మన ఊళ్లో గోదాం గోడల మీద పాకుతోంది. యాభైనీ ఒక్కొక్కటిగా కొలువు: పొడవు, వెడల్పు, కళ్ల మధ్య దూరం, మీసం కణుపుల పొడవు. తిండి సరిగా దొరకని పురుగు చిన్నగా ఉంటుంది. అప్పుడే బయటికొచ్చినది లేత రంగులో ఉంటుంది. చచ్చి ఎండినది ముడుచుకుపోతుంది. ఒకటి మాత్రం యాభైలోనూ మారదు: మీసం మొదటి నుంచి కొసదాకా రంపపు పళ్లలా ఉంటుంది, పెంకుల మీద గాడులు ఉండవు. ఇప్పుడు దీని పక్కన మందుల దుకాణాల్లో, మసాలాల్లో పట్టే స్టెగోబియం పురుగును పెట్టు. చూడటానికి కవల పిల్లలే. కానీ దాని మీసం కొసన మూడు కణుపులు పెద్దవై గదలా ఉంటాయి, పెంకుల మీద పొడవునా చుక్కల వరసలు గాడులు కట్టి ఉంటాయి.

ఈ పని వారం రోజులు చేశావంటే ఏ తేడా వేరే జాతిని చూపిస్తుందో, ఏ తేడా వట్టి ఆకలినో ముసలితనాన్నో చూపిస్తుందో నీ కంటికే తెలిసిపోతుంది. అప్పుడు లాకెట్ తీసి చూడు. "ఇది ఫలానా జాతికంటే 0.2 మి.మీ. పొడవు, కాబట్టి కొత్తది" అని రాయడానికి నీ చెయ్యే ఒప్పుకోదు. పాతదానికంటే పెద్దదనో, ముదురు రంగనో కారణం చూపించి పెట్టిన పేర్లు ఎన్నో తర్వాత కొట్టేశారు.

ఇక పోల్చడం. బాల్టిక్ అంబర్ వయసు సుమారు 3.5 నుంచి 4.8 కోట్ల ఏళ్ల మధ్య. అప్పటి పెంకు పురుగుల ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు) చాలా ఇప్పటికీ బతికే ఉన్నాయి. కాబట్టి శిలాజాలతో పోల్చితే సరిపోదు, బతికున్నవాటితోనూ పోల్చాలి. ఆ కుటుంబం మీద పనిచేసేవాళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. ఫొటోలు, కొలతలు జతచేసి మర్యాదగా ఒక మెయిల్ రాయి. నా అనుభవంలో పదిమందిలో ఎనిమిది మంది జవాబిచ్చారు, అందులో ఇద్దరు ముగ్గురు తమ దగ్గరున్న టైపు నమూనాల, అంటే పేరు పెట్టేటప్పుడు ఆధారంగా చూపిన పురుగుల, ఫొటోలు కూడా పంపారు. ఇంకో మాట: వాళ్లలో ఒకరు సహరచయిత అవుతానంటే వెంటనే ఒప్పుకో. వ్యాసం మీద నా పేరొక్కటే ఉండాలన్న ఆశ కొత్తలో నాకూ ఉండేది, దాని ఫలితం పైన చెప్పానుగా.

కంటికి అందని భాగాలకు మైక్రో సీటీ స్కాన్ ఉంది. ఆస్పత్రి సీటీ లాంటిదే, కాకపోతే మైక్రాన్లలో చూస్తుంది. అంబర్, పురుగు రెండూ ఇంచుమించు ఒకే సాంద్రతవి కాబట్టి ఒక్కోసారి ఏమీ తేలదు. అప్పుడు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్ (చాలా శక్తిమంతమైన ఎక్స్‌రేలు పుట్టించే భారీ యంత్రం) లాంటి చోట్లకు వెళ్లాల్సి వస్తుంది. నీకు ఇప్పుడే అంత అవసరం లేదు. డీఎన్‌ఏ గురించి అడుగుతావేమో, అందరూ అడుగుతారు. 2013లో మాంచెస్టర్ వాళ్లు కోపల్‌లోని తేనెటీగలకే ప్రయత్నిస్తే నమ్మదగిన డీఎన్‌ఏ దొరకలేదు. కోట్ల ఏళ్ల అంబర్‌లో ఇక చెప్పేదేముంది.

వర్ణన రాసేటప్పుడు తల నుంచి మొదలుపెట్టి తోకదాకా వరసగా రాసుకుంటూ పో. రెండు భాగాలుండాలి. మొదటిది చిన్నది: దీన్ని దగ్గరి చుట్టాల నుంచి వేరుచేసే గుర్తులు నాలుగైదు. రెండోది పెద్దది: కనబడినదంతా. గుబురుగా నూగు ఉంటే ఏ వైపుకి వాలి ఉందో, పెంకుల మీద చుక్కలు వరసల్లో ఉన్నాయో చెదిరి ఉన్నాయో, పొట్ట కింద పలకలు అతుక్కుపోయాయో విడిగా ఉన్నాయో. తెల్లటి మసక పొర అడ్డొచ్చి ఎడమ వెనక కాలు కనబడకపోతే "కనబడలేదు" అనే రాయాలి. కుడి కాలు చూసి ఎడమ కాలు ఊహించి రాయకు.

పొట్ట పలకలు విడిగా ఉన్నాయా అన్నది ఎందుకంత పెద్ద సంగతో మన దేశపు పురుగే చెప్తుంది. సూరత్ జిల్లాలో వస్తాన్, తడకేశ్వర్ లిగ్నైట్ గనుల్లో దొరికే అంబర్ వయసు 5 కోట్ల ఏళ్ల పైమాట. అది సాల చెట్టు కుటుంబపు రెసిన్, అంటే మన గుగ్గిలానికి ముత్తాత. ద్రావకాల్లో కరుగుతుంది కాబట్టి కొన్నిసార్లు పురుగును చెక్కుచెదరకుండా బయటికే తీసెయ్యొచ్చు, బాల్టిక్ అంబర్‌తో ఆ సౌకర్యం లేదు. ఆ గుజరాత్ అంబర్‌లోంచి 2014లో జో పార్కర్, డేవిడ్ గ్రిమాల్డీ ప్రోటోక్లావిగర్ ట్రైకోడెన్స్ అనే పెంకు పురుగును వర్ణించారు. చీమల పుట్టలో దూరి, చీమల చేతే మేపించుకునే పురుగుల గుంపు అది. ఈనాటి చుట్టాలకు పొట్ట మీది పలకలు కలిసిపోయి ఒకే రేకు అయిపోయాయి. దీనికి ఇంకా విడివిడిగా ఉన్నాయి. అంటే పుట్టలో కాపురానికి శరీరం మారుతున్న దారి మధ్యలో దొరికింది. పలకల మధ్య గీతలను ఎవరో ఓపిగ్గా లెక్కపెట్టారు కాబట్టే ఆ కథ బయటపడింది.

పేరు నియమాలు తేలిక. జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది, లెక్క 1758 నుంచి మొదలవుతుంది. ఎవరు ముందు పెడితే వాళ్లదే పేరు. 1999 తర్వాత పెట్టే పేరుకు మూడు సంగతులు తప్పనిసరి: ఇది కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి, ఆధారమైన ఒక నమూనాను హోలోటైప్‌గా చూపించాలి, అది ఏ సంగ్రహాలయంలో ఉందో, ఉండబోతోందో చెప్పాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రిక అయితే 2012 నుంచి జూబ్యాంక్ అనే జంతువుల పేర్ల చిట్టాలో నమోదు కూడా కావాలి. జూటాక్సా లాంటి పేరున్న పత్రికలో మామూలుగా వేసుకోవడానికి రుసుము లేదు. "డియర్ ప్రొఫెసర్, మూడు రోజుల్లో ప్రచురిస్తాం, ఇంత కట్టండి" అని మెయిల్ వస్తే చెరిపెయ్యి.

అమ్మమ్మ పేరు నిక్షేపంగా పెట్టుకో. మగవాళ్ల పేరైతే చివర "ఇ", ఆడవాళ్ల పేరైతే లాటిన్ పద్ధతిలో "ఏ" చేరుస్తారు. నాగరత్నం గారి పేరుకు "ఏ" చేర్చితే "నాగరత్నమే" అవుతుంది. తెలుగులో చదివినా ముచ్చటగానే ఉంది, ఎవరి పేరమ్మా అంటే నాగరత్నమే అని చెప్పొచ్చు. నీ పేరు మాత్రం నువ్వే పెట్టుకోకు, నియమం ఒప్పుకున్నా నలుగురూ నవ్వుతారు.

మిగిలింది పిన్ని. హోలోటైప్ అంటే ఆ జాతికి కొలబద్ద లాంటిది. ఎక్కడి పరిశోధకుడికి అనుమానం వచ్చినా తీసి చూసుకునేలా ఉండాలి. దాన్ని మెడలో వేసుకుని పెళ్లిళ్లకు తిరగడం కుదరదు. సొంత ఇంట్లో ఉన్న నమూనా మీద వ్యాసాన్ని చాలా పత్రికలు తిప్పి పంపేస్తాయి. లక్నోలో శిలాజాల మీద పనిచేసే బీర్బల్ సాహ్ని సంస్థ ఉంది, కోల్‌కతాలో జువలాజికల్ సర్వే ఉంది. పురుగు వచ్చిన చోటికే పంపాలనిపిస్తే గ్దాన్‌స్క్ విశ్వవిద్యాలయంలో అంబర్‌లోని జీవుల కోసమే ఒక మ్యూజియం ఉంది. ఎక్కడికిచ్చినా ఇచ్చేయడమే, మళ్లీ లాకెట్‌గా రాదు. నాకు తెలిసినంతలో ఇలాంటి వ్యాసాలు ఆగిపోయేది మైక్రోస్కోప్ దగ్గర కాదు, ఇదిగో ఈ మాట దగ్గరే. కాబట్టి ఇంకే పనీ మొదలుపెట్టకముందే పిన్నితో మాట్లాడు. ఆవిడ కాదంటే బలవంతం చేయకు, ఆవిడ వస్తువు అది. అప్పుడు గ్లిజరిన్ పద్ధతిలో ఫొటోలు తీసుకుని, కుటుంబం గుర్తుపట్టడం వరకూ నేర్చుకో, అదీ తక్కువేమీ కాదు.

ఒప్పుకుంటే ఒక ఆదివారం రాయి తీసుకుని గుంటూరు రా, నా మైక్రోస్కోప్ కింద ఇద్దరం కలిసి మీసం లెక్కపెడదాం. వచ్చేటప్పుడు మీ వంటింట్లో పుచ్చిన పసుపు కొమ్ములేమైనా ఉంటే పారెయ్యకుండా డబ్బాలో పోసి, మూత గట్టిగా బిగించి తీసుకురా. మూత వదులైతే బస్సులో నీ పక్క సీటువాళ్లు గోల చేస్తారు.